చియాంగ్ మాయ్: రోజుకొక దిక్కు చాలు

పోయిన సంచికలో ఒక పాఠకుడు, థాయ్‌లాండ్ అంటే బ్యాంకాక్, పట్టాయా తప్ప ఇంకేం లేదా అని అడిగారు. ఉత్తరాన కొండల నడుమ చియాంగ్ మాయ్ అని ఒక పాత ఊరుంది, ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకుపోదగ్గ ఊరు అని నాలుగు లైన్లు రాశాను. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వచ్చినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకుని ఈసారి పేజీలన్నీ వాటికే ఇచ్చేశాను. నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను, ఒకసారి స్నేహితులతో, ఇంకోసారి మా అమ్మతో.

ప్రశ్న: మేమిద్దరం రిటైరయ్యాం. మా వదిన కూడా వస్తానంటోంది. ఐదు రోజులు ఉంటాం. గుళ్లు చూడాలని ఆశగా ఉంది, కానీ నాకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. ఊళ్లో ఏం చూడాలి, ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు భయపడేన్ని మెట్లున్నది ఒకే ఒక్క చోట, దానికీ ఉపాయం ఉంది. ముందు ఊరి సంగతి చెప్తాను. పాత ఊరు నలుచదరంగా ఉంటుంది, ఒక్కో పక్క సుమారు కిలోమీటరున్నర, చుట్టూ నీళ్ల కందకం, మూలల్లో పాత ఇటుక బురుజులు, తూర్పు పక్క థా ఫే అనే పెద్ద ద్వారం. 1296లో మంగ్రాయ్ అనే రాజు తన లన్నా రాజ్యానికి రాజధానిగా కట్టించాడు. చియాంగ్ అంటే నగరం, మాయ్ అంటే కొత్త. తిరుమల మాడవీధుల్లో తిరిగినవాళ్లకి అక్కడ దారి తప్పుతుందన్న టెన్షన్ అక్కర్లేదు, ఎటు నడిచినా కందకం అడ్డం వస్తుంది, దాని పక్కనే నడుచుకుంటూ పోతే బయల్దేరిన చోటికే వస్తారు. గది మాత్రం ఈ కందకం లోపలే తీసుకోండి. ఊరి బయట కాస్త తక్కువకి దొరుకుతుంది కానీ, ఆ మిగిలిందంతా బండ్లకే పోతుంది.

పొద్దున ఆరింటికల్లా వీధిలోకి రండి. సన్యాసులు చెప్పుల్లేకుండా, చేతిలో భిక్షాపాత్రతో వరసగా నడిచి వస్తుంటారు, ఇళ్లవాళ్లు వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని అన్నం పొట్లాలు, పళ్లు వేస్తారు, సన్యాసులు నిలబడి దీవెన చదివి ముందుకి కదులుతారు. దానికి టికెట్టు లేదు, గైడు అక్కర్లేదు. కొంచెం దూరంగా నిలబడి చూడండి, ఫోను వాళ్ల మొహం మీదికి తీసుకుపోకండి. ఆడవాళ్లు సన్యాసులకి తగలకూడదు, అది గుర్తుంచుకోండి.

గుడిని వాళ్లు వాట్ అంటారు. ఊరంతా వాట్‌లే, అన్నీ చూడాలని పెట్టుకుంటే మూడో రోజుకి ఏది ఏదో గుర్తుండదు. కందకం లోపల మూడు చాలు. వాట్ చియాంగ్ మాన్ అన్నిటికన్నా పాతది, మంగ్రాయ్ ఊరు కట్టినప్పటిది, అక్కడి చైత్యాన్ని చుట్టూ ఏనుగులు వీపు మీద మోస్తున్నట్టు ఉంటుంది. వాట్ ఫ్రా సింగ్ 1345లో మొదలైంది, అందులో లాయ్ ఖామ్ విహారం గోడల మీద పాతకాలపు మనుషుల బట్టలు, జుట్టు ముడులు, ఇళ్లు బొమ్మలుగా ఉన్నాయి, ఓపికగా చూడండి. మూడోది వాట్ చేదీ లువాంగ్. చేదీ అంటే మన చైత్యమే. 1545లో భూకంపం వచ్చి దాని పైభాగం కూలిపోయింది, మిగిలిన ఇటుకల మేరు ఇప్పటికీ ఊళ్లో ఇళ్లన్నిటి మీదా తల ఎత్తి కనిపిస్తుంది. బ్యాంకాక్‌లో అందరూ క్యూ కట్టి చూసే మరకత బుద్ధుడు 1468 నుంచి ఎనభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు.

ఆ గుడి ఆవరణలో చెట్ల కింద కుర్ర సన్యాసులు బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఎవరైనా పోయి మాట్లాడొచ్చు, వాళ్లకి ఇంగ్లీషు అలవాటవుతుంది, మనకి వాళ్ల బతుకు తెలుస్తుంది. మా అమ్మ తెలుగులోనే అడిగింది, నేను మధ్యలో ఇంగ్లీషు చేశాను. మీ ఊరేది అని ఒక అబ్బాయి అడిగితే అమ్మ ఏడు వేళ్లు చూపించి, కొండ అన్నట్టు చెయ్యి పైకెత్తింది. ఆ అబ్బాయి వెంటనే పడమటి వైపు తిరిగి, తమ కొండ చూపించాడు. ఒక్క సంగతి, అదే ఆవరణలో ఊరి మూలస్తంభం ఉన్న చిన్న గుడిలోకి ఆడవాళ్లని రానివ్వరు, బయట బోర్డు ఉంటుంది. ముందే తెలిస్తే అక్కడ మనసు నొచ్చుకోవడం ఉండదని చెప్తున్నా.

ఇక ఆ కొండ, దోయ్ సుతెప్. దోయ్ అంటే ఉత్తరాది మాటలో కొండ. సుతెప్ అన్నది వాసుదేవ అనే ముని పేరు, ఆ కొండ మీద తపస్సు చేసుకున్నాడని వాళ్ల కథ. వాసుదేవుడి పేరున్న కొండకి పోతున్నామని చెప్పగానే మా అమ్మ ముందు రోజు రాత్రే, పొద్దున తలస్నానానికి వేడినీళ్లు వస్తాయా అని అడిగింది. గుడి పేరులో ఉన్న ‘ఫ్రా థాట్’లో థాట్ అంటే ధాతువు. బుద్ధుడి ధాతువుని తెల్ల ఏనుగు మీద పెట్టి రాజు వదిలేస్తే, అది కొండెక్కి, మూడుసార్లు ఘీంకరించి, అక్కడే ప్రాణం విడిచిందట, ఆ చోటే 1383లో గుడి కట్టారు. కొండ మొదట్లో ఖ్రూబా శ్రీవిచయ్ అనే సన్యాసి విగ్రహం ఉంటుంది. 1934 నవంబర్‌లో ఆయన పిలుపు మీద జనం ఊళ్లకి ఊళ్లు కదిలివచ్చి, పలుగూ పారా పట్టుకుని, 1935 ఏప్రిల్ చివరికల్లా పై దాకా రోడ్డు వేసేశారు. అంతకుముందు అందరిదీ నడకే. మన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో, ఆ ముందుతరం నడిచి ఎక్కిన కథలు మన ఇళ్లలో ఎలా చెప్తారో అక్కడా అలాగే చెప్తారు. మా డ్రైవరు ఆ విగ్రహం ముందు బండి నెమ్మది చేసి, స్టీరింగ్ మీదే రెండు చేతులూ జోడించాడు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర మనవాళ్లు చేసేది అదే కదా.

బండి దిగాక గుడి దాకా 306 మెట్లు, రెండు పక్కలా నాగులు పై నుంచి కింది దాకా ఒళ్లు పరుచుకుని ఉంటాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన ఊరివాళ్లం, అదేమంత కాదు. కానీ మీకు మోకాళ్లు బాగాలేవు, పక్కనే ఏటవాలుగా పైకి పోయే లిఫ్టు ఉంది, చిన్న టికెట్టు తీసుకుని అందులో పోండి, మొహమాటం వద్దు. పైన బంగారు రేకుల చైత్యం. తామర మొగ్గ, అగరొత్తులు, కొవ్వొత్తి పట్టుకుని మూడు ప్రదక్షిణలు చేస్తారు, మనలాగే కుడిచేతి వైపు చైత్యం ఉండేట్టు. పొద్దున ఎనిమిదిలోపు గానీ సాయంత్రం ఐదు దాటాక గానీ పోండి, మధ్యాహ్నం టూరు బస్సులతో నిలబడడానికి చోటుండదు. సాయంత్రమైతే సన్యాసులు పాళీలో పఠిస్తుంటారు, కింద ఊరంతా దీపాలు వెలుగుతాయి. శాలువా పెట్టుకోండి, పైన చల్లగా ఉంటుంది. ఈ కొండ ఒక్కటే ఆ రోజుకి, ఇంకేం పెట్టుకోకండి.

ఊళ్లో తిరగడానికి ఎర్ర బండ్లు ఉంటాయి, సాంగ్‌తేవ్ అంటారు, అంటే రెండు వరసలు అని. మన షేర్ ఆటో లెక్కే: వెనకాల ఎదురెదురు బల్లలు, ఎక్కేముందు ఎక్కడికో చెప్పాలి, దిగేచోట బెల్లు నొక్కాలి, దిగి డ్రైవరుకి డబ్బులివ్వాలి. ధర ఎక్కేముందే అడగండి.

ప్రశ్న: మా ఏజెంటు ఇచ్చిన ప్లానులో ఒక్క రోజులోనే చియాంగ్ రాయ్ తెల్ల గుడి, నీలం గుడి, గోల్డెన్ ట్రయాంగిల్, పొడుగు మెడల ఆడవాళ్ల ఊరు ఉన్నాయి. ఇంకో రోజు దోయ్ ఇంథనాన్. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఆ మొదటి రోజు ప్లాను చేయకండి. నేను చేసి చెప్తున్నా. చియాంగ్ మాయ్ నుంచి చియాంగ్ రాయ్ మూడు గంటలకి పైనే, అక్కణ్ణుంచి మెకాంగ్, రువాక్ నదులు కలిసే ఆ ట్రయాంగిల్ ఇంకో గంటన్నర, రానూపోనూ దాదాపు 500 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు తిరుపతి నుంచి హైదరాబాద్ పోయినంత. మొదటిసారి నేనూ నా స్నేహితులూ అచ్చం ఇలాంటి ప్లానుకే డబ్బు కట్టాం. పొద్దున ఏడింటికి వ్యాను, రాత్రి తొమ్మిదిన్నరకి గది. తెల్ల గుడి దగ్గర వదిలింది నలభై నిమిషాలు, అందులో పదిహేను టికెట్టు వరసకే పోయాయి. మధ్యలో ఎవరూ అడగని రెండు దుకాణాల దగ్గర మాత్రం అరగంట, అరగంట ఆపారు. నదుల దగ్గరికి చేరేసరికి వ్యానులో సగంమంది నిద్ర. ఆ రోజు పోయిందే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చియాంగ్ రాయ్ పోవాలంటే ఒక రాత్రి అక్కడ పడుకునేట్టు పోండి. చియాంగ్ మాయ్ ఆర్కేడ్ బస్టాండు నుంచి గ్రీన్ బస్ అనే కంపెనీ బస్సులున్నాయి, టికెట్టు ముందే తీసుకోవచ్చు. తెల్ల గుడి, వాట్ రోంగ్ ఖున్, పాత గుడి కాదు. చలెర్మ్‌చాయ్ కోసిత్‌పిపాట్ అనే చిత్రకారుడు సొంత డబ్బు పెట్టి కట్టడం మొదలుపెట్టాడు, 1997 నుంచి జనం చూస్తున్నారు, పని ఇప్పటికీ సాగుతోంది. తెల్లటి గోడల మీద అద్దం ముక్కలు పొదిగారు, ఎండ పడితే కళ్లు చెదురుతాయి. లోపలికి పోయే వంతెనకి ఇరుపక్కలా గుంటలోంచి వందల చేతులు పైకి చాచి ఉంటాయి. ఆశల్లో పడి కొట్టుకునేవాళ్ల చేతులవి, వాటిని దాటి బుద్ధుడి దగ్గరికి పోవాలి, ఆ వంతెన మీద మళ్లీ వెనక్కి రానివ్వరు. దగ్గరికి పోయి ఒక్కొక్క చెయ్యీ చూడండి, ఒకదాంట్లో భిక్షాపాత్ర, ఒకదాంట్లో కపాలం, ఒక వేలికి మాత్రం ఎర్ర గోరు. లోపల ఫొటోలు తీయనివ్వరు. 2014 మేలో వచ్చిన భూకంపానికి గుడి బాగా దెబ్బతింటే ఆయన ముందు ఇక వద్దనుకుని, తర్వాత మళ్లీ నిలబెట్టాడు. రాత్రి ఉన్నారంటే, ఊరి నడుమ ఆయనే చేసిన బంగారు గడియార స్తంభం ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటలకి రంగులు మారుతుంది, పిల్లలకి నచ్చుతుంది. నీలం గుడి ఊళ్లోనే, అరగంట పని. తవాన్ దుచానీ అనే ఇంకో చిత్రకారుడి నల్ల ఇళ్లు, బాన్ దామ్, మాత్రం వదలకండి, టేకు ఇళ్ల నిండా దున్నపోతు కొమ్ములు, తోళ్లు, ఎముకలు. ఒక మనిషి జీవితమంతా పోగేసిన వస్తువులవి.

పొడుగు మెడల ఊరికి పోవద్దని నా మాట. మెడ చుట్టూ ఇత్తడి తీగ చుట్టుకునే కయన్ ఆడవాళ్లు బర్మాలో యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, వాళ్లని వరసగా కూర్చోబెట్టి మనం టికెట్టు కొని చూసి రావడం నాకు మింగుడు పడలేదు. వాళ్లకి డబ్బు అందాలని ఉంటే, నేసిన గుడ్డలు బజారులోనూ దొరుకుతాయి.

దోయ్ ఇంథనాన్ మాత్రం ఒక్క రోజులో హాయిగా అవుతుంది, సుమారు 100 కిలోమీటర్లు. దేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం, 2,565 మీటర్లు, మన హార్స్‌లీ హిల్స్‌కి రెట్టింపు. చియాంగ్ మాయ్ రాజు ఇంథవిచయానాన్ పేరు పెట్టారు, ఇంద్రుడి పేరుతో మొదలయ్యే పేరు, ఆయన అస్థికలు పైనే ఉన్నాయి. దారిలో వచిరథాన్ జలపాతం దగ్గర ఆగండి, నీటి తుంపర దూరానికే మొహం మీద పడుతుంది. థాయ్‌లాండ్ రాజు భూమిబోల్‌కీ రాణి సిరికిత్‌కీ అరవయ్యేళ్లు నిండినందుకు 1987లో ఒకటి, 1992లో ఒకటి కట్టిన జంట స్తూపాలు శిఖరానికి కొంచెం కింద ఉన్నాయి, చుట్టూ పూలతోట. శిఖరం దగ్గర ఆంగ్ కా అనే చిన్న చెక్కల బాట పాచి పట్టిన చెట్ల మధ్య నుంచి పోతుంది, ఇరవై నిమిషాల నడక, పెద్దవాళ్లూ నడవొచ్చు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున అక్కడ గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి, స్వెట్టరు లేకుండా పోకండి. అదే దక్షిణపు దారిలో దోయ్ లో అనే చోట గణేశ్ హిమల్ మ్యూజియం ఉంది, అంతా వినాయకుడి విగ్రహాలే. కాణిపాకం పక్కనున్నవాళ్లు మీరు, ఒక గంట ఆగి రండి.

దూరాలు వద్దనుకుంటే లంఫూన్ పోండి, 26 కిలోమీటర్లే, నీలం సాంగ్‌తేవ్‌లు పోతాయి. పాత రోడ్డుకి రెండు పక్కలా ఆకాశమంత యాంగ్ చెట్లు, ఒక్కొక్కదాని మొదలుకి కాషాయ గుడ్డ చుట్టి ఉంటుంది, నరకకూడదని. ఆ ఊరు చియాంగ్ మాయ్ కన్నా పాతది, చామదేవి అనే రాణి ఏలిన హరిపుంచాయ్, అక్కడి గుడిలో జనం తక్కువ, ప్రశాంతంగా కూర్చోవచ్చు. నాకు చియాంగ్ రాయ్ కన్నా ఇదే మనసుకి పట్టింది.

ప్రశ్న: మేం శాకాహారులం, మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అక్కడ ఆకలితో మాడాలా? ఇక్కణ్ణుంచి కుక్కర్ మోసుకుపోవాలా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: కుక్కర్ వద్దక్కా. ఒక్క మాట నేర్చుకోండి చాలు: జే. బౌద్ధంలో కొందరు పట్టే నియమం అది, మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు, మీ అత్తగారికి సరిగ్గా సరిపోతుంది. జే భోజనం దొరికే దుకాణం మీద పసుపు జెండా, దాని మీద ఎర్ర అక్షరాలు ఉంటాయి, ఆ థాయ్ అక్షరాలు చూడడానికి మన 17 అంకెలా కనిపిస్తాయి. మా అమ్మ వీధిలో నడుస్తూ, అదిగో పదిహేడు అని నాకన్నా ముందు పట్టేసేది. గాజు పెట్టె వెనక పది పన్నెండు రకాల కూరలు పెట్టి ఉంటాయి, అన్నం మీదికి వేలు చూపించి వేయించుకోవడమే.

మామూలు హోటల్లో శాకాహారం అని చెప్తే సరిపోదు. కూరలో మాంసం ముక్క తీసేస్తారు గానీ చేపల సారం, నామ్ ప్లా, ఉప్పు బదులు పోసేస్తారు, వాళ్లకి అది ఉప్పు లెక్క. పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తామ్‌లో ఎండు రొయ్యలు వేస్తారు. ‘మై సాయ్ నామ్ ప్లా’ అంటే చేపల నీళ్లు వేయొద్దు, ‘మై సాయ్ ఖాయ్’ అంటే గుడ్డు వద్దు. చీటీ మీద థాయ్‌లో రాయించుకుని చూపిస్తే ఇంకా మేలు, హోటల్ రిసెప్షన్‌లో అడిగితే రాసిస్తారు.

ఊరి పేరు చెప్పగానే అందరూ తినమనేది ఖావ్ సోయ్, కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్, పక్కన నిమ్మబద్ద, ఊరబెట్టిన ఆవకూర. అసలుది కోడితోనో గొడ్డుమాంసంతోనో చేస్తారు, జే దుకాణాల్లో పుట్టగొడుగులతో చేసింది అడగండి. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి రోట్లో దంచే నామ్ ఫ్రిక్ నుమ్ మన ఊళ్లో పచ్చడే అనిపిస్తుంది, జిగురన్నం ముద్ద చేతో తీసుకుని అందులో అద్దుకుని తింటారు, సంగటి తిన్న చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు. అందులోనూ చేపల సారం, వెల్లుల్లి ఉంటాయి, కాబట్టి మీ అత్తగారికి అడిగి పెట్టండి. మామిడిపండు, కొబ్బరిపాలలో నానిన జిగురన్నం మాత్రం నిశ్చింతగా తినొచ్చు. మామిడి జిల్లా నుంచి పోయి అక్కడ మామిడి తినడమేంటి అనుకున్నా గానీ, వాళ్ల నామ్ దోక్ మాయ్ పండు పీచు లేకుండా వెన్నలా ఉంటుంది, నిజంగా బాగుంది.

ప్రశ్న: మా బాబుకి ఏనుగు ఎక్కాలని ఒకటే పట్టు. అక్కడ ఏది మంచిది?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ఎక్కించకండన్నా. మీ వైపు ఏనుగంటే అర్ధరాత్రి తోటలో చప్పుడు, తెల్లారేసరికి నేలమట్టమైన పంట. కౌండిన్య అడవి పక్కనున్నవాళ్లకి ఏనుగు బొమ్మల పుస్తకంలో జంతువు కాదని నాకు తెలుసు. అందుకే మీకు తొందరగా అర్థమవుతుందని చెప్తున్నా, అలాంటి జంతువు మనిషిని వీపు మీద ఎక్కించుకుని బుద్ధిగా నడుస్తోందంటే, చిన్నప్పుడే దాన్ని తల్లి నుంచి విడదీసి, కట్టేసి, కొట్టి లొంగదీశారన్నమాట. థాయ్‌లాండ్‌లో వందల ఏళ్లు ఏనుగులు అడవుల్లో టేకు దుంగలు లాగాయి. 1989లో అడవులు నరకడం నిషేధించాక వాటికీ మావటులకీ పని పోయింది, తిండి ఖర్చు మాత్రం పోలేదు, అప్పుడే ఇంకా ఎక్కువగా టూరిస్టుల వైపు వచ్చాయి. మావటులని తప్పుపట్టి లాభం లేదు, మనం దేనికి డబ్బు కడుతున్నామన్నదే అసలు సంగతి.

మే తేంగ్, మే వాంగ్ వైపు శరణాలయాలున్నాయి, ఎలిఫెంట్ నేచర్ పార్క్ బాగా పేరున్నది. పేరులో శాంక్చువరీ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. బుక్ చేసే ముందు మూడు అడగండి: ఎక్కనిస్తారా, ఆటలు ఆడిస్తారా, జనంతో కలిపి స్నానం చేయిస్తారా? మూడింటికీ లేదు అని జవాబొస్తేనే పోండి. బాబుకి గుమ్మడికాయ ముక్కలు కోసే పని, అరటిగెల మోసే పని దొరుకుతుంది, ఏనుగు తొండంతో తన చేతిలోంచి పండు తీసుకుంటే ఎక్కడం సంగతి వాడే మర్చిపోతాడు.

ప్రశ్న: నేను కలంకారీ పని చేస్తాను. అక్కడ చేతిపని వాళ్లని చూడాలంటే ఎక్కడికి పోవాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది. ఒకప్పుడు మన కోరమండల్ తీరం నుంచి అద్దకపు బట్టలు ఓడలెక్కి, థాయ్‌లాండ్ పాత రాజధాని అయుత్తయలో రాజుల దాకా పోయాయి, వాళ్లకి నచ్చే నమూనాలతో ఇక్కడే వేసి పంపేవాళ్లు. మీరు పోవడం కొత్త సంబంధం కాదు.

ఊరికి తూర్పున తొమ్మిది కిలోమీటర్లలో బో సాంగ్ అనే గొడుగుల ఊరు, తెల్ల సాంగ్‌తేవ్‌లు పోతాయి. అక్కడ ఒక పూటంతా ఉండండి. సా అనే చెట్టు బెరడుని ఉడకబెట్టి, దంచి, ఆ గుజ్జుని నీళ్ల తొట్టిలో కలిపి, జల్లెడ చట్రంతో పైకి తేలుస్తారు, ఎండలో ఆరాక అదే కాగితం. ఒక ముసలమ్మ దగ్గర నేను గంట సేపు కూర్చున్నాను. వెదురు పుల్లల గొడుగు చట్రం ఒళ్లో తిప్పుకుంటూ, వేళ్లతో జిగురు పూసి, కాగితం పరిచి, అరచేత్తో పుల్ల పుల్లకీ నొక్కుతూ పోయింది, చూపు మా మీద, చెయ్యి పని మీద. ఎక్కడా ముడత రాలేదు. పక్క షెడ్డులో బొమ్మలేసేవాళ్లు ముందు గీత గీయకుండానే కుంచెతో పువ్వులు దించేస్తారు, ఒకే కుంచెకి రెండు రంగులు అద్ది ఒక్క విసురుతో రేక మొత్తం. మీ ఫోను కవరు ఇచ్చినా దాని మీద నిమిషాల్లో వేసిస్తారు. మీ కలం, కరక్కాయ పాలు పట్టిన గుడ్డ ముక్క ఒకటి తీసుకుపోండి, భాష రాకపోయినా వాళ్లతో మాటలు అవే నడుస్తాయి.

వెండిపని వాళ్లు కందకానికి దక్షిణంగా వువాలాయ్ వీధిలో, శనివారం సాయంత్రం అక్కడ సంత. ఆ వీధిలోనే వాట్ సీ సుఫాన్, వెండి రేకులతో పోతపోసినట్టున్న గుడి, లోపలికి ఆడవాళ్లకి ప్రవేశం లేదు, బయట నుంచి చూడొచ్చు. ఆదివారం సంత థా ఫే ద్వారం నుంచి లోపలికి, దారి పొడుగునా గుళ్ల వాకిళ్లలో తిండి అంగళ్లు. చెక్క మీద చెక్కేపని చూడాలంటే బాన్ తవాయ్ అనే ఊరికి పోండి.

ప్రశ్న: మేం నలుగురం స్టూడెంట్స్. స్కూటర్లు అద్దెకి తీసుకుని పాయ్ పోదామనుకుంటున్నాం. ఓకేనా?
– ఒక విద్యార్థి, ఎస్వీ యూనివర్సిటీ, తిరుపతి

జవాబు: చియాంగ్ మాయ్ నుంచి కొండల్లో ఉన్న పాయ్ అనే ఊరికి పోయే దారిలో 762 మలుపులున్నాయని అక్కడ టీషర్టుల మీదే అచ్చేసి అమ్ముతారు. మన ఘాట్ రోడ్డు నడిపిన ధైర్యంతో పోకండి. టూవీలర్‌కి కూడా చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే ఆర్టీవో ఆఫీసులో తీసుకోవాలి, అది లేకుండా పడితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. పాస్‌పోర్టు తాకట్టు అడిగే అద్దె కొట్టు ఎక్కకండి. వ్యానులో పోతే మూడు గంటలు, కడుపులో తిప్పకుండా మాత్ర ముందే వేసుకోండి, రెండు రాత్రులు ఉండేట్టయితేనే పోండి. ఒక్క రోజే ఉంటే ఉత్తరాన గంటన్నర దూరంలో బువా తోంగ్ జలపాతం చూడండి. తలకోనలో రాళ్లు ఎంత జారతాయో తెలుసు కదా, ఇక్కడ నీళ్లలోని సున్నం రాళ్ల మీద గరుగ్గా పేరుకుని ఉండడం వల్ల, పారే నీళ్లలోనే చెప్పుల్లేకుండా పైకి ఎక్కేయొచ్చు. పచ్చగా పాచి ఉన్న చోట మాత్రం కాలు పెట్టకండి.

ప్రశ్న: తిరుపతి నుంచి ఎలా పోవాలి?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

జవాబు: చెన్నై పోవాల్సిందే, చిత్తూరు వాళ్లకి బెంగళూరు కూడా వీలే. చెన్నై నుంచి బ్యాంకాక్ మూడున్నర గంటలు, అక్కణ్ణుంచి ఇంకో విమానంలో గంటంపావు. ఓపికుంటే బ్యాంకాక్ నుంచి రాత్రి రైలెక్కండి, 751 కిలోమీటర్లు, పడక పక్కలు వాళ్లే వేసిస్తారు, తెల్లారేసరికి కిటికీలో కొండలు. వీసా నిబంధనలు ఈ రెండు మూడేళ్లలోనే మారుతూ వచ్చాయి, టికెట్టుకి ముందు వాళ్ల ఎంబసీ సైటు చూసుకోండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది సర్కారుది కాదు.

ప్రశ్న: ఏ నెలలో పోతే మంచిది? వేసవి సెలవుల్లో పోదామా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: ఫిబ్రవరి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా పోకండి, ముఖ్యంగా పిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు. పొలాల్లో మోళ్లు కాలుస్తారు, అడవులు అంటుకుంటాయి, కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు కాబట్టి పొగ కదలదు. మార్చిలో కొన్ని రోజులు ప్రపంచంలోకెల్లా చెడ్డ గాలి ఉన్న ఊళ్ల జాబితాలో ముందు ఉంటుంది, ఊళ్లోంచి దోయ్ సుతెప్ కొండే కనపడదు. ఏప్రిల్ 13 నుంచి సోంగ్‌క్రాన్, మన సంక్రాంతి అన్న మాటే, వాళ్ల కొత్త సంవత్సరం, కందకం నీళ్లు తోడి దారినపోయే అందరి మీదా పోస్తారు, తడవడం ఇష్టమైతేనే అప్పుడు. నవంబరు నుంచి జనవరి చివరి దాకా మంచి కాలం.

అమ్మా, మీరు అమ్మవారి ఊరివాళ్లు కాబట్టి నా మాట, కార్తీక పౌర్ణమికి పోండి. చాలా ఏళ్లు అదే రోజు వాళ్ల లోయ్ క్రథోంగ్. అరటిబోదె ముక్క కోసి, అరటాకు మడతలు గుచ్చి, పూలూ దీపమూ పెట్టి పింగ్ నదిలో వదులుతారు, మనం అరటిదొప్పల్లో వదిలినట్టే. ఊళ్లో ఇళ్ల గుమ్మాల ముందు మట్టి ప్రమిదలు వరసగా వెలిగిస్తారు, వాటిని ఫాంగ్ ప్రతీప్ అంటారు, ఆ ప్రతీప్ మన ప్రదీపమే. వాట్ ఫాన్ తావ్ అనే టేకు గుడిలో చిన్న కొలను చుట్టూ కుర్ర సన్యాసులు దీపాలు పెడతారు, సాయంత్రం నాలుగున్నరకే పోయి చోటు చూసుకోండి. ఆకాశంలోకి ఒకేసారి వేల కాగితపు దీపాలు ఎగరేసేది ఊరి బయట, దానికి టికెట్టు ఖరీదు, నది ఒడ్డు చాలు. ఆ రెండు మూడు రాత్రులు దీపాల వల్ల విమానాలు కొన్ని రద్దవుతాయి, వేళలు మారతాయి, తిరుగు టికెట్టు పండగకి రెండు రోజుల తర్వాతకి పెట్టుకోండి. గది ఆగస్టులోపే తీసుకోవాలి, కందకం లోపల ఆ తర్వాత దొరకదు.